ఎఫ్-1 విద్యార్థుల అమెరికా ప్రవేశం

విదేశీ విద్యార్థి ఒకరు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పూర్తికాల చదువు కొరకు ఆ దేశానికి చేరుకొని, అక్కడి అధికారుల తనిఖీ పొంది, విద్యార్థి హోదాలో లోనికి అనుమతింపబడే ప్రక్రియను ఎఫ్-1 ప్రవేశం అంటారు. ఎఫ్-1 అనేది కళాశాలలు, విశ్వవిద్యాలయాలు మొదలైన వాటిలో చదివేవారికి ఇచ్చే వీసా తరగతి. వీసా చేతిలో ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. వీసా ఇచ్చేది విదేశాంగ శాఖకు చెందిన కాన్సులేటు. లోనికి రానిచ్చేది లేదా తిప్పి పంపేది అంతర్గత భద్రతా శాఖకు చెందిన సరిహద్దు అధికారి. ఈ రెండు నిర్ణయాలు వేర్వేరు. ఈ తేడా తెలియక ఇబ్బందులపాలైన విద్యార్థులలో తెలుగువారు కూడా ఉన్నారు.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, చైనాను దాటి మొదటి స్థానంలో నిలిచింది. వీరిలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు గణనీయంగా ఉన్నారు.

చరిత్ర

ఎఫ్ వీసా తరగతికి ఆధారం 1952 నాటి వలస, జాతీయతా చట్టం. చాలాకాలం విద్యార్థుల వివరాలు కాగితాల మీదనే నమోదయ్యేవి. 2001 సెప్టెంబరు 11 దాడులలో పాల్గొన్న ఇద్దరికి విద్యార్థి హోదా మంజూరైనట్లు తెలిపే పత్రాలు, ఆ దాడులు జరిగిన ఆరు నెలల తరువాత, 2002 మార్చిలో ఫ్లోరిడాలోని ఒక విమాన శిక్షణ సంస్థకు చేరాయి. ఈ సంఘటన పాత పద్ధతిలోని లోపాలను బయటపెట్టింది. 2003లో సెవిస్ అనే కంప్యూటరు వ్యవస్థ అమలులోకి వచ్చింది. విద్యార్థి చేరిక, చిరునామా, చదువు కొనసాగింపు వంటి వివరాలను విద్యాసంస్థలు ఇందులో నమోదు చేయాలి. 2004 జనవరి నుండి విమానాశ్రయాలలో విదేశీయుల వేలిముద్రలు, ఫోటోలు తీసుకోవడం మొదలైంది.

ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులు పూర్వం వీసా ఇంటర్వ్యూ కొరకు చెన్నై వెళ్ళేవారు. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు ప్రారంభమైంది. ఇది 2023 మార్చిలో నానక్‌రాంగూడలోని సొంత భవనానికి మారింది.

ప్రయాణానికి ముందు

విద్యార్థిని చేర్చుకొన్న సంస్థ ఐ-20 అనే పత్రాన్ని జారీచేస్తుంది. ఇందులో కోర్సు, ప్రారంభ తేదీ, అయ్యే ఖర్చు, ఆ ఖర్చుకు ఆధారం ఉంటాయి. కొత్త విద్యార్థి ఈ ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందుగా ప్రవేశించరాదు. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, సెవిస్ రుసుము రసీదు, ప్రవేశ లేఖ, బ్యాంకు లేదా విద్యారుణ పత్రాలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పెద్ద పెట్టెలు చేతికి వచ్చేది తనిఖీ ముగిసిన తరువాతనే.

ప్రవేశ స్థానంలో తనిఖీ

సాధారణంగా ఈ తనిఖీ అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలో జరుగుతుంది. అయితే అబుదాబి, డబ్లిన్ వంటి కొన్ని విమానాశ్రయాలలో అమెరికా అధికారులే ఉండి, విమానం ఎక్కక ముందే తనిఖీ పూర్తిచేస్తారు. కనుక అబుదాబి మీదుగా వెళ్ళే విద్యార్థి ప్రవేశ నిర్ణయం అమెరికా నేలపై అడుగు పెట్టకముందే జరగవచ్చు.

అధికారి అడిగే ప్రశ్నలు చిన్నవి: ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ నివసిస్తారు. జవాబులు పత్రాలతో సరిపోవాలి. సందేహం కలిగితే విద్యార్థిని రెండవ దశ తనిఖీకి పంపుతారు. అక్కడికి పంపడం తిరస్కరణ కాదు. అయితే అక్కడ ఫోను, ల్యాప్‌టాప్ కూడా పరిశీలించవచ్చు. ఈ తనిఖీలో న్యాయవాదిని ఉంచుకొనే హక్కు సాధారణంగా ఉండదు.

పత్రాలలో చిన్న లోపం ఉంటే ఐ-515ఎ అనే పత్రం ఇచ్చి, 30 రోజులలో సరిచేసుకొమ్మని పంపవచ్చు. చదవడం అసలు ఉద్దేశం కాదని అధికారి భావిస్తే రెండు రకాల చర్యలు ఉంటాయి. మొదటిది, ప్రవేశ అభ్యర్థనను ఉపసంహరించుకొని తిరిగి వెళ్ళడానికి అనుమతించడం. రెండవది, 1996 చట్టం ప్రకారం త్వరిత బహిష్కరణ. దీనివలన సాధారణంగా ఐదు సంవత్సరాల పాటు తిరిగి ప్రవేశించడానికి వీలుండదు. ఉపసంహరణకు ఈ నిషేధం వర్తించదు, కానీ వీసా రద్దు కావచ్చు.

10,000 డాలర్లకు మించిన నగదు తీసుకువెళ్ళడం నేరం కాదు. దానిని వెల్లడించకపోవడం నేరం. తినే వస్తువులన్నింటినీ ప్రకటించాలి. మాంసపు పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, తాజా పండ్లు అనుమతించరు. కరివేపాకుపై నిషేధానికి కారణం నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దానిపై నివసించడం.

ప్రవేశం తరువాత

ప్రవేశానికి రుజువు ఐ-94 నమోదు. విమానంలో వచ్చేవారికి ఇది 2013 నుండి ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఉంది. దీనిని వెబ్‌సైటు నుండి తీసుకొని, తరగతి ఎఫ్-1 అని సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. దశాబ్దాలుగా గడువు స్థానంలో, చదువు సాగినంతకాలం అనే అర్థంలో, డి/ఎస్ అని రాసేవారు. దీనికి బదులు గరిష్ఠంగా నాలుగేళ్ళ నిర్ణీత గడువు ఉండాలని అంతర్గత భద్రతా శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది.

విద్యార్థి వెంటనే సంస్థలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని కలవాలి. ప్రారంభ తేదీ తరువాత 30 రోజులలో సెవిస్ నమోదు పూర్తికాకపోతే హోదా పోయే ప్రమాదం ఉంది. తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. మొదటి సంవత్సరంలో బయట ఉద్యోగం చేయరాదు.

తెలుగు విద్యార్థులు, కొన్ని సంఘటనలు

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసానికి పాల్పడుతున్నదని అధికారులు దానిని మూసివేశారు. అక్కడి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో ఆంధ్ర ప్రదేశ్‌వారు ఎక్కువ. కొందరి కాళ్ళకు రేడియో పరికరాలు తగిలించడంపై భారత ప్రభుత్వం నిరసన తెలిపింది.

2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు సంస్థలలో చేరవలసిన పలువురు విద్యార్థులను వీసా ఉన్నప్పటికీ వెనుకకు పంపారు. హైదరాబాదులో కొందరిని విమానమే ఎక్కనివ్వలేదు.

2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అసలు విద్యాసంస్థే కాదని వెల్లడైంది. తరగతులు, అధ్యాపకులు లేని ఆ సంస్థను అంతర్గత భద్రతా శాఖ దర్యాప్తు కోసం తానే సృష్టించింది. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు.

ఈ సంఘటనలలో విద్యార్థులందరి పరిస్థితి ఒకటి కాదు. కొందరు తెలిసి చేరారు, మరికొందరు దళారుల మాట నమ్మి మోసపోయారు. అందరి వద్దనూ వీసా, ఐ-20 ఉన్నాయి. కనుక ఐ-20 చూపిన సంస్థకు విద్యాపరమైన గుర్తింపు ఉందా, అక్కడ నిజంగా తరగతులు జరుగుతున్నాయా అన్నది ఫీజు కట్టకముందే స్వయంగా విచారించుకోవాలి. ఎప్పుడైనా నిర్బంధంలోకి తీసుకొంటే భారత కాన్సులేటుకు తెలియజేయమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం విద్యార్థికి ఉంది.