మదనపల్లె క్షయ పరిశోధనలు: ఒక ఉల్లేఖన చరిత్ర

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం తెలుగువారికి క్షయ చికిత్సాలయంగా సుపరిచితం. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ చొరవతో 1912లో ఈ సంస్థకు పునాది పడింది. ఇక్కడ సూపరింటెండెంటుగా పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వానికి క్షయవ్యాధి సలహాదారు అయ్యారు. పరిశోధన కేంద్రంగా ఆరోగ్యవరం చరిత్ర మాత్రం తెలుగులో తగినంతగా చర్చకు రాలేదు. క్రిస్టియన్ కుమారుడు జోహాన్నెస్ ఫ్రిమోట్ మోలర్ ప్రచురణలు ఆ చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు.

ఆయన 1950లో మదనపల్లె పరిసర గ్రామీణ జనాభాలో క్షయవ్యాధిపై విస్తృత అధ్యయనం ప్రారంభించారు. నాడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి పాలన మారినా సర్వే ఆగలేదు. 1955లో బి.సి.జి. టీకాను సామూహికంగా వేయడాన్ని రాజాజీ బహిరంగంగా వ్యతిరేకించారు. అంటే టీకా ఫలితాల కోసం సిబ్బంది గ్రామాల్లో తిరుగుతున్న కాలంలోనే ఆ టీకా రాజకీయ వివాదంగానూ మారింది. 1950-55 ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 110 పుటల నివేదికగా వెలువడ్డాయి. ఒక పత్రిక ఒకే వ్యాసానికి అన్ని పుటలు కేటాయించడం నేడు ఊహకందదు.

టీకాకు సంబంధించిన ఫలితాల్లో 1964 నాటివి అదే బులెటిన్‌లోనూ, 1973 నాటివి అంతర్జాతీయ క్షయ నివారణ సంఘం బులెటిన్‌లోనూ వచ్చాయి. 1964 నాటి వ్యాసంలో థామస్, పార్థసారథి సహరచయితలు. 1973 నాటి వ్యాసంలో ఆచార్యులు, పిళ్ళై. మొదటి నివేదికలో కనిపించిన రక్షణ, పరిశీలన కాలం పెరిగేసరికి రెండవ దానిలో తగ్గింది. ఆశాజనకమైన తొలి ఫలితాన్ని అదే బృందం మళ్ళీ పరీక్షించి, తగ్గిన ఫలితాన్నీ ప్రకటించింది. ఈ ప్రచురణల్లో అన్నిటికన్నా గౌరవించదగిన అంశం ఇదే.

ఉల్లేఖనాల్లో నిలిచింది ఆ రెండవ నివేదికే. 1994లో కోల్డిట్జ్ బృందం అమెరికా వైద్య సంఘం పత్రికలో బి.సి.జి.పై 13 పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించింది. వాటిలో మదనపల్లె పరీక్ష ఒకటి. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ సోకినట్లు ఆ పట్టిక చూపుతుంది. అంటే రక్షణ సుమారు 20 శాతం. కేసులు మొత్తం 80 మాత్రమే కావడంతో, ఆ కొద్దిపాటి తేడా యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా చెప్పలేం. 13 పరీక్షలనూ కలిపితే మాత్రం రక్షణ దాదాపు 50 శాతంగా తేలింది.

పరీక్షకూ పరీక్షకూ మధ్య కనిపించిన భేదంలో గణనీయమైన భాగానికి భూమధ్యరేఖ నుంచి దూరం కారణంగా కనిపించింది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ టీకా రక్షణ తగ్గింది. వాతావరణంలోని ఇతర మైకోబాక్టీరియా ప్రభావమే ఇందుకు కారణమని ఒక ప్రబల వాదన. పట్టికలో మదనపల్లె అక్షాంశం 13. వాస్తవానికి 13 డిగ్రీల రేఖ కుప్పానికి ఉత్తరంగా, పుంగనూరు, మదనపల్లెలకు దక్షిణంగా సాగుతుంది. పెద్ద సంఖ్యలో జనంపై జరిగి, రక్షణ ఏమీ కనబడని చెంగల్పట్టు పరీక్షకూ ఆ పట్టికలో ఇదే అంకె.

గణాంక బోధనకు ఈ 13 వరుసల పట్టిక నేడు ప్రామాణిక ఉదాహరణ. 'ఆర్' గణాంక భాషలోని మెటాఫర్ ప్యాకేజీ దీనిని అభ్యాస దత్తాంశంగా అందిస్తుంది. ప్రపంచంలో ఎక్కడ మెటా విశ్లేషణ నేర్చుకునే విద్యార్థి అయినా ఈ వరుసను చూసే అవకాశం ఉంది. అయితే అక్కడ కనబడేది ఫ్రిమోట్ మోలర్ పేరు, 1973 అనే సంవత్సరం, కొన్ని అంకెలు మాత్రమే. ఆచార్యులు, పిళ్ళై 'తదితరులు' అయ్యారు. మదనపల్లె ఒక అక్షాంశం అయింది. ఉల్లేఖనాల సంఖ్యను మాత్రమే లెక్కించే ప్రభావ సూచికలు ఈ నష్టాన్ని నమోదు చేయలేవు.

అదే ముగ్గురు రచయితలు గ్రామాల్లో ఇంటివద్దే క్షయ చికిత్స అందించే కార్యక్రమంపై నియంత్రిత అధ్యయనం జరిపి, 1981లో భారత వైద్య పరిశోధన పత్రిక అనుబంధ సంచికలో 80 పుటల నివేదికను ప్రచురించారు. రోగి ఇంటి గడపదాకా వెళ్ళిన పరిశోధన అది. టీకాకు సంబంధించినది కాదు గనుక దానికి ఆ పట్టికలో చోటు లేదు.