మా షోకేసులోది వెండిరాయి కాదు: బండ్లమోటు సీసం గని

దొడ్డబళ్ళాపురంలో మా ఇంటికొచ్చిన చుట్టాలంతా షోకేసులోని మెరుపురాయిని చేతిలోకి తీసుకుని, "అబ్బా, ఇంత బరువా!" అంటారు. మా చిన్నతాత పల్నాడులో బండ్లమోటు గనిలో పనిచేసినప్పుడు తెచ్చింది. ఇంట్లో అందరికీ అది వెండిరాయే. ఈ పొరపాటు మా పిల్లలదాకా పోకూడదని రాస్తున్నాను.

దాని పేరు గెలీనా. సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. నూటికి 86 పాళ్ళకు పైగా సీసమే. నీళ్ళకంటే ఏడున్నర రెట్లు బరువు. సుత్తితో తడితే పాచికల్లాంటి ముక్కలుగా విడిపోతుంది. గెలీనాలో ఒక్కోచోట కొద్దిగా వెండి కూడా ఉంటుంది లెండి, మావాళ్ళ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు.

బండ్లమోటు వినుకొండ వైపు, బొల్లాపల్లి మండలంలో ఉంది. దగ్గర్లోని నల్లకొండలో రాగి దొరుకుతుంది. అంతా కలిపి అగ్నిగుండాల ఖనిజప్రాంతం అంటారు. ఇక్కడి సీసం డోలమైటు అనే సున్నపురాయి జాతి రాతిలో ఉంటుంది. వంద కోట్ల ఏళ్ళు దాటిన ఆ రాతిపొరలకు శాస్త్రజ్ఞులు మన కంభం ఊరి పేరే పెట్టారు. గెలీనాతో పాటు బంగారంలా మెరిసి మోసం చేసే పైరైటు, రాగి ఉండే చాల్కోపైరైటు కూడా కనిపిస్తాయి.

రోము రచయిత ప్లినీ, ఒకటో శతాబ్దంలో, ఇండియాలో రాగీ లేదు సీసమూ లేదు, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి కొనుక్కుంటారు అని రాశాడు. సముద్రం మీద సీసం దిగుమతి అయిన మాట నిజమే. శాతవాహనులు సీసంతో నాణేలు కూడా వేయించారు. కానీ మన కొండల్లో లేదనడం మాత్రం తప్పు. కడప జిల్లా జంగంరాజుపల్లిలోనూ పాతకాలపు సీసం తవ్వకాల గుంటలున్నాయి.

మన కాలంలో బండ్లమోటును హిందుస్థాన్ జింక్ నడిపింది. రాయిని పొడిచేసి, నురుగునీళ్ళలో తేల్చి సీసం పొడిని వేరుచేసేవాళ్ళు. అయితే గని చిన్నది. 1991లో రాజస్థాన్‌లో రాంపురా అగూచా లాంటి మహా గని మొదలయ్యాక దీన్నెవరు పట్టించుకుంటారు? 2002లో ప్రభుత్వం సంస్థ పగ్గాలు స్టెర్‌లైట్ చేతికిచ్చింది. బండ్లమోటులో పని ఆగిపోయింది. గనినే నమ్ముకున్నవాళ్ళు తలో ఊరూ చూసుకున్నారు. మా చిన్నతాత ఇక్కడికొచ్చి మగ్గాల దగ్గర కుదురుకున్నాడు.

అసలు మాట ఇంకొకటుంది. మా నాయనమ్మ ఈ రాయిని చూసి, "సురమా రాయి కదా, నూరి పిల్లల కళ్ళకు పెడితే చలవ" అనేది. గెలీనాతో సురమా చేసే అలవాటు చాలాచోట్ల ఉంది, కానీ సీసం ఒంట్లోకి పోతే చిన్నపిల్లల మెదడు దెబ్బతింటుంది. చిన్నతాత ఆమెను గట్టిగా వారించాడట. పొడి ఊపిరిలోకి పోకుండా గనిలో ఎంత జాగ్రత్తపడాలో ఆయనకు తెలుసు.

మొన్న సంక్రాంతికి రాయిని మూతున్న గాజు డబ్బాలో పెట్టి, "గెలీనా, బండ్లమోటు" అని చీటీ అంటించాం. ఇప్పుడెవరైనా పట్టుకుని చూస్తే, వెంటనే చేతులు కడిగిస్తున్నాం.