రవీంద్రుల పాట, పరుల గళం

ఒకరు కట్టిన పాటను వేరొకరు పాడినప్పుడు కట్టినవారి మనస్సు ఎట్లా ఉంటుంది? తన పాట పది నోళ్ళలో నానుతున్నదని సంతోషిస్తుందా, తాను పెట్టిన స్వరం జారిపోయినదని నొచ్చుకొంటుందా? సంగీత చరిత్రలో ఇది పాత ప్రశ్నయే. మన దేశంలో ఈ ప్రశ్నను గురించి దీర్ఘంగా ఆలోచించి, తన అభిప్రాయాన్ని దాచుకొనక చెప్పిన వాగ్గేయకారులలో రవీంద్రనాథ ఠాకూరు ముఖ్యులు. వారి మాటలలోను, చేతలలోను, వారి తరువాత జరిగిన దానిలోను మనం గ్రహింపదగినది ఎంతో ఉన్నది.

రవీంద్రులు రెండు వేలకు పైగా పాటలు వ్రాసి, వాటికి వరుసలు కూర్చారు. అయితే ఒక చిత్రం. తాము కట్టిన వరుసను తామే మరచిపోయేవారు! అందుచేత కొత్త పాట పుట్టగానే దగ్గర ఉన్నవారికి నేర్పేవారు. వారి పెద్దన్న ద్విజేంద్రనాథుని మనుమడు దినేంద్రనాథుడు ఈ పనిలో కుడిభుజంగా ఉండి, పెక్కు పాటలను స్వరపరచి వ్రాసిపెట్టాడు. తన పాటలన్నిటికీ భాండారి ఇతడేనని చెప్పి, కవి తమ 'ఫాల్గుని' నాటకాన్ని అతనికి అంకితమిచ్చారు. పాట నిలవాలంటే మరొక గళం కావలసినదేనని రవీంద్రులకు మొదటినుండీ తెలుసును.

తెలిసినా, ఆ గళం హద్దు దాటితే వారు సహించలేకపోయేవారు. 1920ల దశకంలో దిలీప్ కుమార్ రాయ్‌తో వారు జరిపిన చర్చలు దీనికి సాక్ష్యం. దిలీప్ కుమార్ సుప్రసిద్ధ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ కుమారుడు. హిందుస్థానీ సంగీతం అభ్యసించిన గాయకుడు. మన కచేరీలో విద్వాంసుడు కృతిని ఎత్తుకొని, సంగతులు వేసి, నెరవలు చేసి, స్వరకల్పనతో విస్తరించినట్లుగా, రవీంద్రుల పాటనుకూడా గాయకుడు తన మనోధర్మంతో పెంచుకొనే స్వేచ్ఛ ఉండాలని ఆయన వాదించారు. దానికి కవి ఇచ్చిన సమాధానం ఆలోచింపదగినది. హిందుస్థానీ పద్ధతిలో రచయిత గాయకుని కోసం చోటు విడిచిపెడతాడు. ఆ చోటును గాయకుడు నింపడం న్యాయమే. తన పాటలో అట్టి ఖాళీ లేదు. మాట, స్వరం ఒకదానినొకటి నింపుకొని ఉన్నవి. పైన వేసే అలంకారం భారమే అవుతుంది. ఇదీ వారి భావం. గొంతు మారితే కొంత భేదం రావడం అనివార్యమని వారుకూడా ఒప్పుకొన్నారు. ఎంతవరకు అన్నదే తగవు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. తన పాటను ముట్టుకోవద్దన్న ఈ మహాకవి ఇతరుల పాటలను ముట్టుకోలేదా? ముట్టుకొన్నారు, ధారాళంగా ముట్టుకొన్నారు. షిలైదహ ప్రాంతంలో ఉత్తరాలు పంచే గగన్ హర్కరా అనే బాఉల్ గాయకుని వరుసపైన 1905లో 'ఆమార్ సోనార్ బాంగ్లా' కట్టారు. అదే తరువాత బంగ్లాదేశ్ జాతీయగీతమైనది. స్కాట్లండు దేశపు జానపద గీతాల వరుసలు తీసుకొన్నారు. మన దక్షిణాది సంగీతాన్నీ విడువలేదు. మద్రాసు నుండి శాంతినికేతనానికి వెళ్ళిన విద్యార్థిని సావిత్రి పాడగా విని, దీక్షితులవారి 'మీనాక్షి మే ముదం' వరుసలో ఒక వంగగీతం కూర్చారు. త్యాగరాజస్వామివారి కృతి 'బృందావనలోల' వారి చేతిలో మరొక వంగగీతమైనది.

ఇది పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. కాని ఒక భేదమున్నది. రవీంద్రులు త్యాగరాజకృతిని తమ ఇష్టం వచ్చినట్లు మార్చి, త్యాగరాజకృతి అని పాడలేదు. కొత్త మాటలతో కొత్త పాట కట్టి, దాని భారం తామే మోశారు. గగన్ పాటను గురించి తమ రచనలలో ఆదరంతో చెప్పారుకూడా. ఐనప్పటికీ, పుచ్చుకొన్నంత ఉదారంగా ఇవ్వలేదన్న మాట కొంతవరకు మిగులుతుంది.

అయితే, కవి ఎవరికీ ఏమీ ఇవ్వలేదనడం సత్యం కాదు. 1919 ఫిబ్రవరిలో వారు మన మదనపల్లెకు వచ్చారు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అప్పుడు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అధ్యక్షులు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట వినిపించిన 'జనగణమన'ను రవీంద్రులు ఆ కళాశాలలో స్వయంగా పాడారు; విద్యార్థులు పల్లవి అందుకొన్నారు. కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదివిన విదుషి. ఆమె ఆ పాటకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి వ్రాయగా కవి ఆమోదించారు. తమ గీతాన్ని అక్కడే ఆంగ్లంలోనికి అనువదించారు. అన్య దేశపు చేయి తమ పాటను పట్టుకొన్నా వారు కలవరపడలేదు. ఆమె ముందు విన్నది, తరువాత వ్రాసినది.

పంకజ్ మల్లిక్ ఉదంతం ఇంకా విశేషమైనది. కలకత్తా రేడియోలో తొలినాళ్ళనుండి పాడి, శ్రోతలకు సంగీతపాఠాలు చెప్పిన పంకజ్ మల్లిక్, 'ఖేయా' అనే కావ్యసంపుటిలోని ఒక పద్యానికి తాను స్వయంగా వరుస కట్టాడు. రవీంద్రుల మాటకు మరొకరి వరుస! అంతకంటె సాహసమేమున్నది? కాని కవి విని అంగీకరించారు. 1937లో 'ముక్తి' చలనచిత్రంలో ఆ పాట వినిపించి వంగదేశమంతటా వ్యాపించినది. నియమం కఠినమైనదే, కాని నియమం వెనుక వినే చెవి ఒకటి ఉన్నది.

1941 ఆగస్టు 7న ఆ చెవి మూతపడినది. పాటలపై హక్కు విశ్వభారతికి చెందినది. గ్రామఫోను రికార్డులలో వచ్చే పాట స్వరలిపి ప్రకారం ఉన్నదా లేదా అని పరిశీలించడానికి విశ్వభారతి సంగీత సమితి ఏర్పడినది. దాని ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. కాపలా లేకుంటే పాట పాడైపోయే ప్రమాదం నిజంగానే ఉన్నది. అరవైకి పైగా సంపుటాలలో 'స్వరవితాన్' పేరిట స్వరలిపులు నిలిచినవంటే అది అట్టి శ్రద్ధ ఫలమే.

కాని శ్రద్ధకు మూల్యంకూడా చెల్లించవలసివచ్చినది. దేవవ్రత బిశ్వాస్ గంభీరమైన కంఠం గల గాయకుడు. వంగదేశపు సామాన్య జనం ఆయన గళంలో రవీంద్రగీతాన్ని ప్రేమించారు. వాద్యాల హోరు ఎక్కువైనదని, పాడే తీరు సరిగా లేదని 1960ల మధ్యకాలం నుండి సమితి ఆయన రికార్డులపై ఆక్షేపణలు తెలిపినది. వాదించి విసిగిన ఆ గాయకుడు 1970ల ఆరంభంలో రవీంద్రగీతాలు రికార్డు చేయడమే మానుకొన్నారు. తన స్వీయచరిత్రకు వెలివేయబడినవాని మూగవోయిన సంగీతం అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, 1980లో కన్నుమూశారు. ఆ గళంలో రావలసిన పాటలు ఎన్ని రాకుండా పోయినవో ఎవరు చెప్పగలరు?

తరువాత 1992లో భారత ప్రభుత్వం గ్రంథస్వామ్యపు గడువును యాభై ఏండ్లనుండి అరవై ఏండ్లకు పెంచినది. ఆ గడువుకూడా 2001 డిసెంబరు 31తో ముగిసినది. అప్పటినుండి రవీంద్రగీతం ఎవరైనా, ఎట్లైనా పాడవచ్చును. వికారంగా పాడినవారూ ఉన్నారు, వికసింపజేసినవారూ ఉన్నారు. పాట మాత్రం చెడలేదు.

పాట కట్టినవాని బాధ న్యాయమైనదే; దానిని అహంకారమని కొట్టివేయరాదు. అయితే ఆ బాధ బ్రతికిఉన్న మనిషిది. అది ఒక గాయకుని చూచి కోపగిస్తుంది, మరొక గాయకుని విని కరుగుతుంది. రవీంద్రులు పంకజ్ మల్లిక్ పాట విన్నారు, మెచ్చారు. అదే బాధ వారసత్వంగా కార్యాలయానికి సంక్రమించి నియమావళిగా మారినప్పుడు, కోపం మిగిలినది గాని కరిగే గుణం మిగలలేదు. స్వరలిపిని పుస్తకంలో భద్రపరచవచ్చును. మెచ్చుకొనే మనస్సును భద్రపరచడం ఏ సమితికి సాధ్యం? ఆ పని చివరకు వినేవారిమీదనే పడుతున్నది. తెలిసిన పాట కొత్త గొంతులో వినవచ్చినప్పుడు, ఈ గాయకుడు పాడేముందు పాటను శ్రద్ధగా విన్నాడా అని మనం గమనిస్తే చాలును. కట్టినవారు కోరినదికూడా అంతే.