ఇల్లు పాడుచేసే కుక్కకు పునఃశిక్షణ

బయటే మలమూత్ర విసర్జన చేసే అలవాటున్న పెంపుడు కుక్క ఇంట్లో చేయడం మొదలుపెట్టినప్పుడు, ఆ అలవాటును తిరిగి నేర్పే పద్ధతి. ముందు పశువైద్యుడికి చూపించాలి. మూత్రనాళ ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, విరేచనాలు ఇందుకు కారణం కావచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలో మూత్రం కారుతుంది. ముసలి కుక్కలకు మతి తప్పడమూ ఉంది. ఇలాంటివాటికి కావలసింది చికిత్స. శిక్షణతో అవి తగ్గవు.

జబ్బేమీ లేకపోతే ఇంట్లో వచ్చిన మార్పులను గమనించాలి: ఇల్లు మారడం, పసిబిడ్డ రాక, యజమాని డ్యూటీ వేళలు. దీపావళి టపాసులకు బెదిరిన కుక్క చీకటి పడ్డాక గడప దాటకపోవచ్చు. ముసురు రోజుల్లో తడి నేల మీద కాలు పెట్టనివీ ఉంటాయి. సోఫా అంచున కాలెత్తి కొద్దికొద్దిగా పోయడం మాత్రం హద్దులు గుర్తుపెట్టుకోవడం, దాని లెక్క వేరు.

శిక్షణ కుక్కపిల్లకు నేర్పినట్టే మొదటి నుంచి సాగుతుంది. నిద్ర లేవగానే, తిన్న 15–30 నిమిషాలకు, ఆట అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు గొలుసు కట్టి రోజూ ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని కాగానే అక్కడే తినుబండారం ఇవ్వాలి. లోపలికొచ్చాక ఇస్తే అది ఇంటికి తిరిగొచ్చినందుకు బహుమతి అనుకుంటుంది. మూత్రంలో ముక్కు రుద్దడం ఇప్పటికీ చాలామంది చేసే పనికిమాలిన పని. దానివల్ల కుక్క యజమాని కంటపడకుండా మంచం కింద కానివ్వడం నేర్చుకుంటుంది.

మరక పడిన చోటును ఎంజైమ్ క్లీనర్‌తో కడగాలి. మూత్రం వాసనను కప్పడానికి ఫినాయిల్ ఘాటు మన ముక్కుకే చాలుతుంది, కుక్క ముక్కుకు కాదు. అమ్మోనియా కలిసిన ద్రావణాలు మూత్రం వాసనను గుర్తుచేసి కుక్కను మళ్లీ అక్కడికే రప్పించవచ్చు.