ఉపాధ్యాయ యోగ్యతా నియమములు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

ప్రభుత్వ పాఠశాలలయందు బోధింపగోరు వ్యక్తికి ఉండవలసిన విద్య, వృత్తిశిక్షణ, పరీక్షోత్తీర్ణత, స్థానికత అనువానిని నిర్ణయించు శాసనములకును ఉత్తరువులకును ఉపాధ్యాయ యోగ్యతా నియమములని పేరు. అమెరికా రాష్ట్రములందువలె ఉపాధ్యాయునకు వేరుగా లైసెన్సు పత్రమొసగు పద్ధతి మనదేశమున లేదు. శిక్షణపత్రమును అర్హతాపరీక్షయు కలిసి ఆ పని చేయుచున్నవి. నేడు తెలుగు రాష్ట్రములు రెండింటను ప్రాథమిక తరగతులు బోధించు సెకండరీ గ్రేడు టీచరునకు ఇంటర్మీడియెట్టుపై రెండేండ్ల డి.ఎల్.ఇడి. శిక్షణయు, ఉన్నత పాఠశాలలోని స్కూలు అసిస్టెంటునకు డిగ్రీపై బి.ఇడి.యు, ఇరువురకును టెట్టు అను అర్హతాపరీక్షయు విధింపబడినవి. ఇవన్నియు కలిగినవాడును డి.ఎస్.సి. అను ఎంపికపరీక్షలో నెగ్గిననే ఉద్యోగస్థుడగును. ఈ మెట్లు ఒక్కనాట కట్టబడినవి కావు. రెండు శతాబ్దములలో ఒకదానిపై నొకటి పేర్చబడినవి. బడికి వచ్చు పిల్లలు పెరిగి పంతుళ్లు చాలనప్పుడెల్ల నియమము సడలుటయు, ఆ సడలింపుతో లోనికి వచ్చినవారిని కొన్నేండ్లకు అదే నియమము వెనుకనుండి తరుముకొని వచ్చుటయు ఈ చరిత్రలో పదేపదే కానవచ్చును.

ఆంగ్లపరిపాలనకు పూర్వము వీధిబడి అయ్యవారికి యోగ్యతాపత్రమును ఇచ్చువాడు లేడు, అడుగువాడును లేడు. ఊరివారు పిలిచి అరుగు చూపి పిల్లలను కూర్చుండబెట్టుటయే ఆయనకు నియామకము. పిల్లల తల్లిదండ్రులు నెలనెల ఇచ్చు పైకమును, పండుగలకు పంపు స్వయంపాకమును ఆయనకు జీతము. ఓనమాలు, గుణింతములు, ఎక్కములు, బాలరామాయణము, శతకములు, అమరము, కాగితపు వ్రాత వచ్చియుండుటయే చాలిన విద్య. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చెప్పించు ఆ బళ్ల పద్ధతిని చెన్నపట్టణపు ఎగ్మూరు అనాథబాలుర శరణాలయాధికారి ఆండ్రూ బెల్ గ్రహించి, తన శరణాలయమున అనుష్ఠించి, 1797లో ఇంగ్లండున పుస్తకముగా ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి అను పేరుతో అచ్చటి పేదల పాఠశాలలందు ప్రచారము పొందినది. గురువునకు శిక్షణ కావలెనను దేశము శిక్షణలేని మన పంతుళ్లవద్దనే బోధనావిధానమును నేర్చికొన్న సందర్భమిది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టరులచే దేశీయ విద్యాస్థితిని విచారింపజేసెను. ఆ నివేదికలను క్రోడీకరించి 1826 మార్చి 10న వ్రాసిన మినిట్టులో, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తమున 12,498 పాఠశాలలును 1,88,650 మంది విద్యార్థులును కలరని పేర్కొని, ఆయన దోషమును సరియైన చోటనే పట్టుకొనెను. ఉపాధ్యాయుని నెలరాబడి ఆరేడు రూపాయలకు మించదనియు, ఆ మాత్రపు ఆదాయమునకు తగినవారు ఆ వృత్తిలోనికి రారనియు ఆయన అభిప్రాయము. కావున మద్రాసున ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాలను, జిల్లాలలో కలెక్టరేటు పాఠశాలలను, తాలూకాలలో తహశీల్దారీ పాఠశాలలను ప్రతిపాదించి, కలెక్టరేటు ఉపాధ్యాయునకు 15 రూపాయలును తహశీల్దారీ ఉపాధ్యాయునకు 9 రూపాయలును నెలజీతముగా సూచించెను. యోగ్యతను కోరుటకు ముందు జీతమును పెంపవలెనన్న ఈ క్రమము పిమ్మట వచ్చిన సంఘములలో పెక్కింటికి తోచలేదు. మన్రో మరుసటి సంవత్సరమే కర్నూలు ప్రాంతపు పత్తికొండలో కలరాచే మరణించెను. ఆయన పాఠశాలలును ఎంతో కాలము నిలువక 1830 దశకముననే మూతపడినవి.

1854లో లండనునుండి వెలువడిన ఉడ్ విద్యాతాఖీదు ఇంగ్లండులోని నార్మల్ స్కూళ్లవంటివి ఇచ్చటను నెలకొల్పి, శిక్షణకు వచ్చువారికి వేతనమిచ్చి, పిదప వారికి యోగ్యతాపత్రము నొసగవలెనని ఆదేశించెను. తదనుసారముగ 1856లో చెన్నపట్టణమున స్థాపితమైన ప్రభుత్వ నార్మల్ స్కూలే కాలాంతరమున సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా పరిణమించినది. కాని పత్రములు పొందినవారు వేళ్లపై లెక్కింపదగినంతమందియే యుండిరి. పల్లెలందు వీధిబళ్లను వదలుకొని ప్రభుత్వమునకు గత్యంతరము లేకపోయెను. అందుచే ఫలితములనుబట్టి గ్రాంటునిచ్చు విధానము 1860 తరువాతి కాలమున ప్రబలినది: ఇన్స్పెక్టరు సంవత్సరమున కొకమారు బడికి వచ్చి, చదువు, వ్రాత, లెక్కలలో పిల్లలను పరీక్షించును; నెగ్గిన పిల్లల సంఖ్యనుబట్టి అయ్యవారికి గ్రాంటు ముట్టును. ఇందు పరీక్ష వ్రాయువాడు శిష్యుడు, ఫలమనుభవించువాడు గురువు. యోగ్యతాపత్రము లేని వేలాది వీధిబడి పంతుళ్లు ఈ ద్వారముననే సర్కారు లెక్కలలోనికి వచ్చిరి.

1882లో నియమింపబడిన హంటరు విద్యాసంఘము బోధనాసిద్ధాంతములందును బోధనాభ్యాసమందును ఒక పరీక్ష నేర్పరచి, అందు ఉత్తీర్ణుడగుటను ఉన్నత పాఠశాలలలో స్థిరోద్యోగమునకు నిబంధనగా చేయవలెనని సూచించెను. నేటి టెట్టునకు బీజము ఇచ్చటనే కలదు. ఆ దశకముననే మద్రాసు విశ్వవిద్యాలయము పట్టభద్రులైన ఉపాధ్యాయులకై ఎల్.టి. అను పట్టమును నెలకొల్పెను. గోదావరీతీరమున రాజమహేంద్రవరమునందు శిక్షణ కళాశాల 1894లో వెలసిన తరువాత తెలుగువారికి సైదాపేట ప్రయాణము కొంత తప్పినది. అంతకు పూర్వము 1880లో గిడుగు రామమూర్తి మెట్రిక్యులేషను యోగ్యతతోనే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై చేరి, అచ్చటనే ఉపాధ్యాయుడుగా ప్రఖ్యాతుడయ్యెను. మూడు దశాబ్దములు గడచునప్పటికి గాలి మారినది. ఎం.ఏ. పట్టముతో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తాత్కాలికోద్యోగమున నున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతవానికిని 1910లో సైదాపేటకు ఎల్.టి. శిక్షణకై పోక తప్పలేదు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5వ తేదీ పిదప ఉపాధ్యాయ దినోత్సవమైనది.

వైస్రాయి కర్జను కాలపు 1904 నాటి ప్రభుత్వ తీర్మానము పట్టభద్రులకు ఒక సంవత్సరము, తక్కినవారికి రెండు సంవత్సరములు శిక్షణ యుండవలెనని చెప్పగా, 1913 తీర్మానము మరియొక అడుగు ముందుకువేసి, బోధనకు అర్హుడని పత్రము లేనివానిని కడకు ఏ బడియందును బోధింపనీయరాదను లక్ష్యమును ప్రకటించెను. కడకు అను ఆ మాటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

మద్రాసు రాజధానిలో శిక్షణ పొందినవారిని వారి సామాన్యవిద్యనుబట్టి లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు, సెకండరీ గ్రేడు అని విభజించుచుండిరి. ఎనిమిదవ తరగతి చదివి శిక్షణ పొందినవాడు హయ్యరు గ్రేడు వాడు, ఎస్.ఎస్.ఎల్.సి. పిమ్మట శిక్షణ పొందినవాడు సెకండరీ గ్రేడు వాడు. తక్కిన గ్రేడులు మాసిపోయినను, నేటికిని ఎస్.జి.టి. అను పొడియక్షరములలో ఆ పాతవిభజన జీవించియున్నది. భాషాపండితులది వేరు దారి. విద్వాన్, భాషాప్రవీణ వంటి ప్రాచ్యవిద్యా పరీక్షలలో కృతార్థులై, పండిత శిక్షణ ముగించిన వీరు ఛందోవ్యాకరణములలో నిష్ణాతులయ్యును, బి.ఏ., ఎల్.టి. చేసిన అసిస్టెంట్లకంటె తక్కువ జీతమునకు, తక్కువ గౌరవమునకు పాత్రులై చిరకాలముండిరి. మాతృభాషను బోధించు గురువును తక్కిన గురువులకంటె ఒక మెట్టు క్రింద నిలిపిన ఈ ఏర్పాటునకు సమర్థన కానరాదు. పండిత పోస్టులను స్కూలు అసిస్టెంటు స్థాయికి పెంచవలెనను కోర్కె తీరుటకు ఇరువది యొకటవ శతాబ్దము రావలసివచ్చెను.

నిజాము రాజ్యమున యోగ్యత మరియొక రూపము దాల్చినది. పాఠశాలలలో బోధనాభాష ఉర్దూ యగుటచే, తెలుగు పిల్లలకు చెప్పుటకును ఉర్దూ పరిజ్ఞానమే ప్రథమార్హత. దానికి తోడు, ముల్కీ నిబంధనలచే స్థానికుడుగా గుర్తింపు పొందినవానికే సంస్థానమున ఉద్యోగము. హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిదప ఉర్దూ స్థానమున ప్రాంతీయభాషలు ప్రవేశింపగా, తెలుగు చెప్పగలవారును ఆంగ్లము చెప్పగలవారును కావలసివచ్చి, కోస్తా జిల్లాలనుండి పలువురు ఉపాధ్యాయులు నియమితులైరి. వరంగల్లులో 1952లో ఈ నియామకములపై మొదలైన విద్యార్థుల అలజడియే హైదరాబాదునకు ప్రాకి, పోలీసు కాల్పులవరకు పోయి, ముల్కీ ఉద్యమముగా చరిత్రకెక్కినది. ఉపాధ్యాయుని యోగ్యతలలో అతడు ఎచ్చటివాడు అను ప్రశ్నకు గల తీవ్రత తెలుగునాట నెంతటిదో అప్పుడు తెలిసివచ్చినది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1957 నాటి కేంద్రశాసనమును, దానిక్రింద 1959లో వెలువడిన నిబంధనలును తెలంగాణమున కొన్ని ఉద్యోగములకు పదునైదేండ్ల నివాసమును విధించినవి. 1969లో సుప్రీంకోర్టు ఆ రక్షణను కొట్టివేసెను. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. ఒక తీర్పువలన ఒక ప్రాంతమును, మరియొక తీర్పువలన మరియొక ప్రాంతమును అట్టుడికినవి. తుదకు ఆరుసూత్రముల పథకము, రాజ్యాంగమున 371-డి అధికరణము, దాని ననుసరించి 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు వచ్చి, నివాసమునకు బదులు చదువును ప్రమాణముగా గైకొన్నవి: ఉద్యోగమునకు వలసిన కనీసవిద్యాపరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఎచ్చట చదివెనో అభ్యర్థి అచ్చటి స్థానికుడు. ఉపాధ్యాయ నియామకములలో నూటికి ఎనుబది ఉద్యోగములు జిల్లాలోని స్థానికులకు ప్రత్యేకింపబడినవి. స్టడీ సర్టిఫికెట్లకై పాతబడులచుట్టు తిరుగుట ఉపాధ్యాయాభ్యర్థి జీవితమున నొక ఘట్టమైనది ఆనాటినుండియే. తెలంగాణ రాష్ట్రమున 2018 నాటి క్రొత్త ఉత్తరువు ఈ భాగమును తొంబదియైదు శాతమునకు పెంచెను.

నియామకము జిల్లాస్థాయిలో జరుగుటచే జిల్లా ఎంపికసంఘమునకు గల ఆంగ్లనామపు పొడియక్షరములే, అనగా డి.ఎస్.సి. అనునవే, పరీక్షకు పేరైనవి. 1994, 1996, 1998, 2000 ఇత్యాదిగా ఆ సంవత్సరములు తెలుగు ఉపాధ్యాయలోకమున తరములకు గుర్తులు: ఎవరైనను నేను తొంబదియెనిమిది బ్యాచి వాడనని చెప్పిన చాలును, తోటివారికి సర్వీసు, సీనియారిటీ తెలిసిపోవును. 1998 డి.ఎస్.సి.లో అర్హత సాధించియు వివాదములవలన ఉద్యోగము పొందనివారిలో కొందరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022లో అవకాశము కల్పించినప్పుడు, వారిలో చాలమంది పదవీవిరమణ వయస్సును సమీపించియుండిరి. ఈ పరీక్షలకు ప్రక్కనే దొడ్డిదారి యొకటి ఎప్పుడును తెరచియుండెను. 1980 దశకమున నెలకు 398 రూపాయల స్థిరవేతనముపై నియమితులైన స్పెషల్ టీచర్లు నేటికిని 398 టీచర్లుగనే వ్యవహరింపబడుచున్నారు; పిదప విద్యావాలంటీర్లు వచ్చిరి. తరగతిలో పని అదే. జీతమును హోదాయు మాత్రము వేరు. ఆ 398 రూపాయల కాలమును సర్వీసుగా లెక్కింపుమని వారు ఏండ్లతరబడి అర్జీలు పెట్టుకొనుచు వచ్చిరి.

యోగ్యతానిర్ణయము రాష్ట్రముచేతినుండి కేంద్రముచేతికి మారుట ఇటీవలి ముఖ్యపరిణామము. 1973లో సలహాసంఘముగా పుట్టిన జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 1993 నాటి శాసనముచే చట్టబద్ధమై 1995లో కార్యారంభము చేసెను. నడుమ 1986 నాటి జాతీయ విద్యావిధానమును పురస్కరించుకొని జిల్లాలలో డైట్ అను జిల్లా విద్యాశిక్షణ సంస్థలు వెలసి, ప్రాథమికోపాధ్యాయ శిక్షణకు నెలవులైనవి. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము కనీసయోగ్యతలను నిర్ణయించు అధికారమును ఈ మండలికి ఒసగగా, 2010 ఆగస్టు 23న వెలువడిన ప్రకటన టెట్టును విధించెను. తెలుగునేల మొదటి టెట్టు 2011లో జరిగినది. నూటయేబది ప్రశ్నలు, నూటయేబది మార్కులు. ఒకటినుండి ఐదవ తరగతివరకు బోధించువారికి మొదటి పేపరు, ఆరునుండి ఎనిమిదివరకు రెండవ పేపరు. ఉత్తీర్ణతకు నూటికి అరువది, రిజర్వేషను వర్గములకు అంతకు తక్కువ. తెలుగు రాష్ట్రములలో ఈ మార్కులకు డి.ఎస్.సి. ర్యాంకులో ఇరువది శాతము వెయిటేజీ కల్పించుటచే, ఒకమారు నెగ్గినవారును మార్కులు పెంచుకొనుటకై మరల మరల వ్రాయుచున్నారు. అర్హతకై పెట్టిన పరీక్ష పోటీపరీక్షగా మారి, అవనిగడ్డవంటి చిన్నపట్టణములు కూడ కోచింగ్ కేంద్రములకు ప్రసిద్ధికెక్కినవి. ఏడేండ్లని మొదట నిర్ణయించిన దీని చెల్లుబాటు 2021లో యావజ్జీవమైనది.

బి.ఇడి. వారు ఎస్.జి.టి. పోస్టులకు అర్హులా అను తగవు తెలుగునాట 2008 డి.ఎస్.సి. నాటికే రగిలినది. పెద్దచదువు చదివినవాడు చిన్నపిల్లలకు చెప్పలేడా యని ఒక పక్షము. అక్షరాభ్యాసపు పిల్లలకు చెప్పు విద్య ప్రత్యేకశిక్షణతో గాని రాదని రెండవ పక్షము. 2018లో జాతీయమండలి బి.ఇడి. వారికి తలుపు తెరవగా, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దేవేశ్ శర్మ కేసులో దానిని మూసివేసెను. రెండవ పక్షపు వాదమే న్యాయమని ఒప్పుకొనక తప్పదు. కాని తలుపు తెరచినప్పుడు నమ్మి చదివినవారి నష్టమునకు ఎవరును బాధ్యత వహింపలేదు. బి.ఇడి.యే ఒక సంవత్సరమునుండి 2015లో రెండు సంవత్సరములైనది. 2020 నాటి విద్యావిధానము దానిని నాలుగేండ్ల సమీకృత పట్టముగా 2030 నాటికి కనీసార్హత చేయ సంకల్పించినది.

అర్హతలేని ఉపాధ్యాయులకు విద్యాహక్కు చట్టమిచ్చిన ఐదేండ్ల గడువు 2015లో ముగియగా, దానిని 2019 మార్చి 31 వరకు పొడిగించి, దేశమున లక్షలాదిమందిచే దూరవిద్యలో డి.ఎల్.ఇడి. చేయించిరి. క్రొత్త నియామకములును జరుగుచునే యున్నవి: తెలంగాణమున 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డి.ఎస్.సి. ప్రకటనలు వెలువడినవి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు చట్టమునకు పూర్వము నియమితులైనవారికిని టెట్టును వర్తింపజేసెను. పదవీవిరమణకు ఐదేండ్లకు పైబడి వ్యవధి యున్నవారు రెండేండ్లలో ఉత్తీర్ణులు కావలెను. ఐదేండ్లలోపు గలవారు కొనసాగవచ్చును గాని టెట్టు లేనిదే పదోన్నతి లేదు. 2010 ప్రకటనలో తమకు మినహాయింపు కలదని నమ్మియుండిన డి.ఎస్.సి. 2000 నాటి ఉపాధ్యాయులు, ఒకప్పుడు తమ శిష్యులైనవారితో పాటు ఒకే హాలున టెట్టు వ్రాయవలసిన స్థితి దీనివలన ఏర్పడినది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు ఈ నియమము వర్తించునా అను విషయము విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది.