పునరుత్పాదక విద్యుత్ ప్రాజెక్టుల భూ ఒప్పందాలు (ఆంధ్రప్రదేశ్)

సోలార్ పలకలకు, గాలిమరలకు కావలసిన భూమి ఎవరిదో తేల్చి, కౌలు లేదా విక్రయ దస్తావేజు రాసి, రిజిస్ట్రేషన్ దాకా నడిపించే న్యాయవాద వృత్తి విభాగం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువగా రాయలసీమ మెట్ట పొలాల మీద పెరిగింది.

1990ల్లో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు లేచినప్పుడు ఒక్కో మరకు కొద్ది స్థలం, దానికో దారి, కరెంటు లైను వెళ్లే హక్కు ఉంటే సరిపోయేది. సోలార్ వచ్చాక మెగావాటుకు నాలుగు నుంచి ఆరు ఎకరాలు కావలసి వచ్చింది. 2017లో పూర్తయిన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1,000 మెగావాట్లకు గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాలు తీసుకుంది. 1973 భూసంస్కరణల చట్టమేమో మెట్ట భూమికి గరిష్ఠ పరిమితి 54 ఎకరాలంటుంది. అందుకే ప్రైవేటు ప్రాజెక్టుల్లో ఆ పరిమితి నుంచి మినహాయింపు, దీర్ఘకాలపు కౌలు అన్నవి మొదటి రోజే చర్చకు వస్తాయి. ఇలాంటి కౌలును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయాల్సిందే.

అసలు శ్రమంతా కాగితాల దగ్గరే. భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కనీసం 30 ఏళ్లకు తీస్తారు, ఎందుకంటే ప్రభుత్వం దావా వేయడానికి ఉన్న గడువు అంత. గ్రామ భూమి రికార్డులైన అడంగల్, 1-బి చూశాక బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్ తిరగేస్తారు. అందులో యజమాని పేరుండాల్సిన గడిలో కొన్నిచోట్ల వట్టి చుక్కలే కనిపిస్తాయి. ఈ 'చుక్కల భూముల' చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

అన్నిటికన్నా బరువైనది ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమికిచ్చే డీకేటీ పట్టా. 1977 అసైన్డ్ భూముల చట్టం కౌలును కూడా బదిలీగానే చూసింది. రైతు ఇష్టపడి సంతకం పెట్టినా ఆ ఒప్పందం నిలిచేది కాదు. 20 ఏళ్లు దాటిన పట్టాలకు 2023 సవరణ అమ్ముకునే హక్కిచ్చింది. ప్రజావసరం పేరుతో ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే అలాంటి పట్టా పొందిన అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ రంగంలో పేద రైతుకు దక్కిన అతిపెద్ద అండ అదే. ఏ పట్టా లేకుండా ప్రభుత్వ భూమిలో రెండు తరాలుగా రాళ్లు ఏరి, కంప కొట్టి సాగు చేసుకున్న శివాయిజమా రైతుకు మాత్రం ఆ తీర్పు అక్కరకు రాదు. అతని పేరు అడంగల్ అనుభవదారు గడిలో ఉన్నదా లేదా అన్నది న్యాయవాది తప్పకుండా చూడాలి, పొలం గట్టు మీద నిలబడి అడగాలి కూడా.

వారసత్వం మరో ముడి. పట్టాదారు చనిపోయినా పాసుపుస్తకంలో ఆయన పేరే ఉంటుంది, కౌలు పత్రం మీద కొడుకులే సంతకాలు పెడతారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అప్పటికి పెళ్లయినవారిని అది వదిలేస్తే 2005 కేంద్ర సవరణ వారినీ కలుపుకుంది. అందుకే ఇప్పుడు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూడందే ముసాయిదా మొదలుపెట్టరు. అత్తవారింట్లో ఉన్న కూతుళ్లను కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలిపించి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంటారు.