ఆకాశములో బంజరు

భూమిని కొలుచుటకు గొలుసు కలదు. చెరువు నీటిని పంచుటకు తూము కలదు. కంటికి గానరాని రేడియో తరంగములకు పొలిమేరలు నిర్ణయించుట యెట్లు? ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ప్రభుత్వములకు ఎదురైన ప్రశ్న ఇది. నాటి పంపకములో మంచి మాగాణి నౌకలకును, సైన్యములకును, వర్తక సంస్థలకును దక్కెను. ఎందులకును పనికిరాదని తోచిన బంజరు ఔత్సాహికుల పాలబడెను. ఆ బంజరు పండిన కథయే ఔత్సాహిక రేడియో చరిత్రము. పల్లెపొలముల నడుమ ఉక్కు కర్మాగారము లేచిన భిలాయి, రిసాలి ప్రాంతముల వారికి ఇట్టి కథ క్రొత్తది గాదు.

వేతనమును గాని లాభమును గాని ఆశింపక, ప్రభుత్వపు లైసెన్సు పొంది, స్వంత యంత్రముతో దూరస్థులతో సంభాషించు వారిని లోకము 'హామ్'లని పిలుచుచున్నది. 1912లో టైటానిక్ నౌక మునిగిన కొలది మాసములకే అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసి, వీరిని 200 మీటర్లకు మించిన తరంగములపై పనిచేయరాదని కట్టడి చేసెను. తరంగము ఎంత పొడవైన అంత దూరము పోవునని నాటి నిపుణుల విశ్వాసము. కావున పొట్టి తరంగములు ఊరు దాటవనియు, ఔత్సాహికుల సందడి తమంతట తానే అణగిపోవుననియు పలువురు తలచిరి.

జరిగినది వేరు. దొరికిన దానితోనే ఔత్సాహికులు ప్రయోగములు సాగించిరి. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియోన్ దెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 100 మీటర్ల తరంగములపై అట్లాంటిక్ మహాసముద్రమునకు ఇరువైపుల నుండి సంభాషించిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో లండనులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గోయ్‌డర్, న్యూజీలాండులోని ఫ్రాంక్ బెల్‌తో మాటలు కలిపెను. భూగోళమునకు ఆ కొననుండి ఈ కొనకు సందేశము చేరెను. సూర్యకిరణముల ప్రభావమున విద్యుదావేశము పొందిన వాయుమండలపు పైపొరలు పొట్టి తరంగములను మరల భూమికి వంచి పంపునను రహస్యము ఇట్లు అనుభవమునకు వచ్చినది.

బంజరు పండినదని తెలిసిన వెంటనే హక్కుదారులు పెరుగుట లోకసహజము. పొట్టి తరంగములకై ప్రభుత్వములును, కంపెనీలును పోటీపడెను. 1927లో వాషింగ్టనులో సమావేశమైన అంతర్జాతీయ సభ ఔత్సాహికులకు 160, 80, 40, 20, 10, 5 మీటర్ల పట్టీలను నిర్ణయించెను. పూర్వము స్వేచ్ఛగా తిరిగిన విశాల ప్రదేశము ఇప్పుడు సన్నని కమతములుగా మిగిలినది. కాని ఆ కమతములకు మొదటిసారిగా ప్రపంచ దేశముల సమ్మతి గల పట్టా లభించినది.

భారతదేశములో తొలి లైసెన్సు 1921లో అమరేంద్రచంద్ర గుప్తునకు లభించెను. 1939లో యుద్ధము రాగానే వలస ప్రభుత్వము ఔత్సాహికుల ప్రసార యంత్రములను స్వాధీనపరచవలసినదిగా ఆదేశించెను. అయినను విద్యను స్వాధీనపరచుకొనుట సాధ్యమా? 1942 ఉద్యమమున ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగా నడపిన కాంగ్రెసు రేడియోకు యంత్రనిర్మాణమున తోడ్పడిన నారిమన్ ప్రింటర్ పూర్వము ఔత్సాహికుడే. ఇక మిల్ హిల్ పాఠశాల విద్యార్థియైన గోయ్‌డర్ 1936లో ఆలిండియా రేడియో ప్రధాన ఇంజనీరుగా మన దేశమునకు వచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ఆరంభమై తెలుగు మాటను, పాటను ఆకాశమున కెక్కించినది ఆయన సాంకేతిక సారథ్యముననే. ఎవరికిని అక్కరలేదని విడిచిన తరంగములపై ఒక బాలుడు చేసిన సాధన ఈ విధముగా తెలుగువారి లోగిళ్లకును చేరెను.

స్వాతంత్ర్యానంతరము, 1948లో, నేటి మధ్యప్రదేశములోని మౌ పట్టణమున సైనిక సంకేత విద్యాలయమందు ఔత్సాహికుల సంఘము వెలసినది. 1952లో తరంగముల పంపకమును చూచుటకు కేంద్ర ప్రభుత్వమున వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము ఏర్పడెను.

క్రొత్త పట్టీల లభ్యత మాత్రము మిక్కిలి మెల్లగా సాగినది. 1947లో అట్లాంటిక్ సిటీ సభ 21 మెగాహెర్ట్జ్ పట్టీని ప్రసాదించెను. పిమ్మట ముప్పది రెండేండ్లకు, 1979లో జెనీవా సభ 10, 18, 24 మెగాహెర్ట్జ్ ప్రాంతములలో మూడు పట్టీలను ఒసగెను. వీనిలో మొదటిదాని వెడల్పు 50 కిలోహెర్ట్జ్, మిగిలిన రెండును చెరి 100 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఇంత చిన్న కమతములకై అంత పోరాటమేల యని అడుగవచ్చును. పగటికిని రాత్రికిని, ఒక ఋతువునకును మరియొక ఋతువునకును ఆకాశపు పొరలు మారుచుండును. ఒక పట్టీ మూగవోయిన వేళ దాని ప్రక్క పట్టీ పలుకును. నడుమ మెట్టు లేనిచో నిచ్చెన యెక్కుట కష్టము. క్రొత్త పట్టీలు అట్టి మెట్లు.

40 మీటర్ల పట్టీ చరిత్రము మరింత ఆసక్తికరము. ఆసియా ఖండములో 7.1 నుండి 7.2 మెగాహెర్ట్జ్ వరకు గల భాగము దశాబ్దముల పాటు పెద్ద ప్రసార కేంద్రముల అధీనమున నుండెను. 2003 నాటి ప్రపంచ సభ దానిని ఖాళీచేయ నిర్ణయింపగా, 2009 మార్చిలో అది ఔత్సాహికుల చేతికి వచ్చెను. నిర్ణయమునకును అమలునకును మధ్య ఆరు సంవత్సరములు! 2015 సభ 5 మెగాహెర్ట్జ్ వద్ద మరియొక సందు చూపెను. దాని వెడల్పు 15 కిలోహెర్ట్జ్, అధిక దేశములకు ప్రసరణ శక్తి పరిమితి 15 వాట్లు. అదియును ఇతరుల పనికి అంతరాయము కలిగింపరాదను షరతుపైననే.

ఈ శ్రమ యెందులకో 2004లో తెలిసినది. 1983లో హైదరాబాదున స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున భారతీ ప్రసాద్ బృందము ఆ డిసెంబరులో అనుమతి పొంది పోర్టుబ్లెయిరు చేరినది. చిరకాలముగా అండమాను నుండి ఔత్సాహిక ప్రసారము లేకుండుటచే ఆ పిలుపునకై ప్రపంచమంతయు చెవి యొగ్గి యుండెను. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడెను, టెలిఫోనులు మూగవోయెను. వినోదమునకు నిలిపిన యంత్రమే క్షణములో ప్రాణవార్తల వాహిక యయ్యెను. ఆత్మీయుల క్షేమమునకై ఎదురుచూచు వారికి ఆ ద్వీపముల నుండి కబురు తెచ్చినది ఆ సన్నని పట్టీలే.

ఔత్సాహికులు పట్టీలను సంపాదించినది బలముచే గాదు, ధనముచే గాదు. ఇచ్చినదానిని సద్వినియోగము చేసిరి, నియమమును పాటించిరి, అర్జీ పెట్టి ఏండ్ల తరబడి వేచిరి, ఆపదలో తమ విలువ చూపిరి. ఎవరికిని సొంతము గాని ఆకాశములో మనుష్యునకు హక్కు కలిగించునది సాగుబడి యొక్కటే. మన దేశమున పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలు సైతము పరీక్షలో నెగ్గి ఈ సాగుబడికి పూనుకొనవచ్చును. మిల్ హిల్ పాఠశాలలో వెలిగిన దీపము మన పిల్లల చదువుబల్లపై వెలుగరాదని యెవరనగలరు?